అమ్మకానికి పెట్టిన ఇంట్లో

మేముంటున్న ఇల్లు అమ్మకానికి పెట్టారని ఇంటాయన చెప్పలేదు. మా ఆయన ఆఫీసు నుంచి ఫోనుకి పంపిన ప్రకటనలో చూసి తెలుసుకున్నాను. మత్రాలో చారిత్రక గృహం, విక్టోరియా రాణి కాలం నాటిది, ఆనాటి విశేషాలు చెక్కుచెదరలేదు, బాగుచేసుకునేవారికి మంచి అవకాశం అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద ఒక గది ఫొటో. రంగుటద్దాల కిటికీ పక్కన తాడు మీద చిన్న గౌను ఆరుతోంది. ఆ గౌను మా పాపది. అది చూసేదాకా ఆ గది మాదేనని నాకు తట్టలేదు. ఫొటోలో అంత పెద్దగా, అంత అందంగా ఉంది.

నిజానికి ఈ అరబ్బు రేవులోని ఇంటికి ఇంగ్లండు రాణితో చుట్టరికమేమీ లేదు. ఆవిడ ఏలుతున్న రోజుల్లో మా ఇంటాయన ముత్తాత కట్టించాడు, అంతే. ఆయన ఖర్జూరాలు, ఎండునిమ్మకాయలు ఓడల్లో బొంబాయికి పంపేవాడట. ఆ ఓడలే తిరిగి వస్తూ ఇంటికి కావలసిన సామాను తెచ్చేవి. మెట్లకు పూలతీగల ఇనుప కటకటాలు, నేలకు రంగుల పలకలు, కిటికీల పైన అర్ధచంద్రాల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ అద్దాలు అలా వచ్చినవే. గోడలు మాత్రం ఈ ఊరి రాయి, ఈ ఊరి సున్నం.

మూడేళ్ల క్రితం పాపకు పది నెలలప్పుడు రువిలోని ఫ్లాటు ఖాళీ చేసి ఈ ఇంటి పై అంతస్తుకి అద్దెకు వచ్చాం. మొదటి రోజు నా కళ్లకు ఆ విశేషాలేవీ కనబడలేదు. గడపలు మోకాలెత్తు ఉన్నాయి. మెట్లలో ఏడోది మిగతావాటికన్నా నాలుగు వేళ్లు ఎత్తు. కింద నడవలో బావి, దాని మీద ఎప్పటిదో చెక్కమూత. అన్నిటికన్నా కిటికీలు. ఇక్కడ పాత ఇళ్లలో జనం తివాచీ మీద కూర్చునేవారు కనుక, కూర్చున్నవాళ్లకు గాలి తగిలేలా కిటికీలు నేలకు ఆనుకునే పెట్టేవారు. పాకే పిల్ల ఉన్న తల్లికి అది కిటికీ కాదు, మేడ అంచు.

"ఇది ఇల్లా, బోనా?" అన్నాను మా ఆయనతో.

"ఒక నెల చూద్దాం. నచ్చకపోతే పోదాం" అన్నారు. అప్పటికే సామాను దించిన బండి వెళ్లిపోయింది.

నాకు భయం ఎక్కువ. పెళ్లికి ముందు బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో కూడా స్టవ్ ఆపానా లేదా అని మూడుసార్లు వెనక్కి వెళ్లి చూసేదాన్ని. పాప పుట్టాక ఆ భయానికి ఒక పని దొరికింది. చేపల మార్కెట్టు దగ్గర వల కొని కిటికీలన్నిటికీ కట్టాను. గడపలకు స్పాంజి చుట్టాను. బావి మూత మీద బియ్యం డ్రమ్ము పెట్టించాను. ఒక నోటుబుక్కులో గదివారీగా రాసుకున్నాను: ఎక్కడ పెచ్చు ఊడుతోంది, ఏ పలక కదులుతోంది, వాన పడితే ఏ మూల నీరు దిగుతుంది, ఏ వాసం కింద పిండి రాలుతోంది. వంటింటి వెనక గోడకు నిలువునా ఒక పగులు ఉంది. మా ఆయన ఒక కట్టుబడి కంపెనీలో స్టోర్సు చూస్తారు. పగులు పెరుగుతోందో లేదో తెలియడానికి సైటులో ఇలా చేస్తారని చెప్పి, దానికి అడ్డంగా సన్నటి కాగితం ముక్క అంటించారు. పగులు కదిలితే కాగితం చిరుగుతుంది. రోజూ చూసేదాన్ని. రెండేళ్లు దాటినా చిరగలేదు.

ఈ చూసుకోవడంలోనే ఎప్పుడో ఇల్లు నాదైపోయింది. పాప గడపలు దాటడం తనంతట తనే నేర్చుకుంది. గడప మీద బోర్లా పడుకుని, వెనక్కి తిరిగి, ముందు కాళ్లు జార్చి దిగేది. సాయంత్రం నాలుగింటికి రంగుటద్దాల్లోంచి ఎర్రటి వెలుగు నేల మీద పడితే దాన్ని ఏరుకోవాలని చూసేది. మే నెలలో బయట నిప్పులు కురుస్తుంటే ఆ లావుపాటి గోడల మధ్య ఏసీ లేకుండా మధ్యాహ్నం గడిపేయవచ్చు. శుక్రవారం వీధి గడపకు పసుపు రాసేదాన్ని. ఇంటాయన ఒకసారి వంగి చూసి, "ఈ రంగు పోతుందా?" అని అడిగారు. పోతుందన్నాను. "అయితే రాసుకో" అన్నారు.

ఆయనకు డెబ్బై దాటాయి. కింది అంతస్తులో ఒక్కరే ఉండేవారు. కుర్రతనంలో కొన్నేళ్లు బొంబాయిలో ఉన్నారు, మాతో హిందీలోనే మాట్లాడతారు. మేము చాచా అంటాం, నన్ను బేటీ అంటారు.

ప్రకటన చూసిన సాయంత్రం ఆయనే పైకి వచ్చారు. మెట్లెక్కి, ఊపిరి తీసుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నారు.

"చూశావా?" అన్నారు.

"చూశాను. రాణీగారిల్లని రాశారు."

"బ్రోకరు రాశాడు. మా ముత్తాత ఇల్లని రాయరా అంటే, అలా రాస్తే మీ బంధువులే వస్తారు అన్నాడు." కాసేపు నవ్వి, మోకాళ్లు చూపించారు. "ఇవి ఇంక ఈ గడపలు దాటవు బేటీ. సీబ్‌లో మా అమ్మాయి ఇల్లుంది. అంతా ఒకటే అంతస్తు. కోళ్లు పెంచుతుంది. ఈ ఇల్లు పడిపోయేలోపు బాగుచేసేవాళ్ల చేతిలో పెట్టాలని నా ఆశ."

మరి మేమో, అని నేను అడగలేదు. ఇలాంటి ఇల్లు కొనే హక్కు పరాయి దేశం వాళ్లమైన మాకు ఇక్కడ లేదు, కొనే స్తోమత అంతకన్నా లేదు. ఎవరు కొంటే వాళ్లు చెప్పిన రోజున ఖాళీ చేయాలి.

"ఒక్క సాయం చెయ్యి" అన్నారు ఆయన వెళ్లబోతూ. "గురువారం చూడ్డానికి ఒక కుటుంబం వస్తోంది. నేను వాళ్లతో పైకీ కిందికీ తిరగలేను. నువ్వే చూపించు. కిటికీలకు ఆ వలలు తీసెయ్యి. చేపల కొట్టులా ఉంది."

గురువారం వలలు విప్పి, పాపను నడుముకు ఎత్తుకునే నిలబడ్డాను. వచ్చినామె నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద, స్కూలు టీచరు. భర్త కింద చాచాతో కాఫీ తాగుతూ ఉండిపోయాడు. ఆమె రెండేళ్ల కొడుకును ఎత్తుకుని, వెనకే వాళ్లింట్లో పనిచేసే ఆవిడ వచ్చింది. నా మెడలో నల్లపూసలు చూడగానే ఆవిడ ముఖం విప్పారింది.

"తెలుగోళ్లామ్మా మీరు? యా ఊరు?"

"కాకినాడ. మీదక్కా?"

"కడప పక్కన పల్లె. పదేండ్లాయ నేనొచ్చి." పిల్లవాడిని నేల మీద దించబోయి, కిటికీ చూసి, మళ్లీ చంకనేసుకుంది. "ఓయమ్మ, ఇదేం కిటికీ. ఈ పిల్లోడు ఉంటే ఇంకేమన్నా ఉండాదా."

టీచరు నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. ఇల్లు ఎలా ఉంటుంది, నిజం చెప్పండి అంది. అడగడమే తరువాయి, నోటుబుక్కంతా అప్పజెప్పాను. ఏడో మెట్టు చూపించాను. నీరు దిగే మూల, ఊగే పలక, చెద పట్టిన రెండు వాసాలు, తలుపు వెనక ఉప్పు తేలిన గోడ. ప్రతిదీ నిజమే. కాని ఎందుకు చెబుతున్నానో నాకు తెలుసు. ఆమె ఒక్కొక్కటీ ఫోనులో రాసుకుంటూ తల ఊపింది. భయపడినట్టు లేదు. ఒక ఎర్రటద్దం మీద వేలు పెట్టి, కొడుకును పిలిచి చూపించింది. ఆమె కొనేస్తుందని నాకు తెలిసిపోయింది.

అప్పుడు వంటింట్లోకి తీసుకెళ్లాను. పగులు మీద కాగితం ముక్క కనబడకుండా నేనే పొద్దున క్యాలెండరు తగిలించాను. "ఈ వెనక గోడ కదులుతోంది" అన్నాను. "ఏడాదికేడాది పగులు పెరుగుతోంది. వాన పడిన రోజు మేము ఈ గదిలో ఉండం."

ఆమె రాసుకోవడం ఆపింది. గోడ వంక చూసింది, కొడుకు వంక చూసింది. "అవునా" అని మాత్రం అంది. పది నిమిషాల్లో అందరూ కిందికి దిగిపోయారు. కడపావిడ వెళ్తూ వెళ్తూ, పిల్లల గురించి మాట్లాడుకుందామని నా నంబరు తీసుకుని తనది ఇచ్చింది.

తర్వాత పది రోజులు కబురు లేదు. నేను అనుకున్నట్టే అయింది. వలలు మళ్లీ కట్టాను. పాప కిటికీ దగ్గర కూర్చుని ఓడలు లెక్కపెడుతుంటే చూసి సంతోషపడాలనే అనుకున్నాను. కాని రోజూ పొద్దున చాచా నడవలో నిలబడి, "వాళ్లు నీకేమైనా ఫోను చేశారా బేటీ?" అని అడిగేవారు. లేదనేదాన్ని. "ఆ అమ్మాయికి నచ్చిందనుకున్నానే" అనేవారు. ఒక రోజు వాళ్లమ్మాయి కారు వేసుకుని వచ్చింది. ఆయన గడప దాటుతూ ఆమె భుజం మీద రెండు చేతులూ వేయడం పైనుంచి చూశాను. ఆ గడప మీద పసుపు నేను రాసిందే. ఆయన చెయ్యి జారుతుందేమోనని రెప్ప వేయకుండా చూశాను, పాపను చూసినట్టే.

ఆ రాత్రి అన్నం తింటూ, టీచరుతో గోడ గురించి ఏమన్నానో మా ఆయనకు చెప్పాను.

ఆయన ముద్ద ఆపి, "కాగితం చిరిగిందా?" అన్నారు.

"లేదు."

"మరి?"

"అబద్ధం చెప్పాను."

తిడతారనుకున్నాను. "స్టవ్ ఆపావా లేదా అని మూడుసార్లు చూసే మనిషివి, గోడ పడిపోతోందని అన్నావా?" అన్నారు. ఆయనకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. మళ్లీ ముద్ద కలుపుతూ, "పెద్దాయన మనల్ని ఎప్పుడైనా అద్దె గురించి అడిగారా? పాపకి జ్వరమొస్తే ఆయన కారే కదా" అన్నారు.

"తెలుసు."

"అయితే చెప్పేయ్. ఇల్లు పోతే పోతుంది. మనకు ఇల్లు దొరక్కపోదు."

మర్నాడు పాపను స్కూలు బస్సెక్కించి, క్యాలెండరు తీసి, కాగితం ముక్కను ఫొటో తీశాను. పెన్సిలుతో మా ఆయన వేసిన తేదీ ఇంకా కనబడుతోంది. కడపావిడకు ఫోను చేశాను.

"అక్కా, ఒక తప్పు చేశాను. మీ మేడమ్‌కి చెప్పాలి." జరిగింది చెప్పాను.

ఆవిడ అంతా వింది. తర్వాత, "అదా సంగతి" అంది. "మా మేడమ్ ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం తినలేదమ్మా. ఇల్లు శానా బాగుండాది, గోడే గదా అని ఏడ్చినంత పని చేసింది. మగాయన వొద్దనేసినాడు. ఉండు, ఫోను ఇస్తా."

టీచరుకు నేను సాకులు చెప్పలేదు. గోడ కదలడం లేదు, నేను చెప్పింది అబద్ధం, మీరు కొంటే మేము ఖాళీ చేయాలని అలా అన్నాను, ఫొటో పంపుతున్నాను, మీ ఇంజనీరును తీసుకొచ్చి చూసుకోండి అన్నాను.

"మిగతావి?" అంది.

"మిగతావన్నీ నిజం."

"రెండు వాసాలేనా? మా ఆయన నాలుగనుకున్నాడు."

"రెండే. మూడోది గట్టిదే, నేను తట్టి చూశాను."

అవతల చిన్న నవ్వు వినబడింది. ఆ వారమే ఇంజనీరుతో వచ్చారు. అతను సుత్తితో కొట్టి, పగులులో ఏదో పెట్టి కొలిచి, ఇది పునాది ఎప్పుడో కుంగి సర్దుకున్నప్పటి పగులు, గోడకు ఏమీ కాదన్నాడు. చాచా కింద కుర్చీలో కూర్చుని తసబీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటున్నారు. నేను చేసింది టీచరు ఆయనకు చెప్పలేదు. ఆ రాత్రి నేనే దిగి చెప్పాను. "నువ్వే చెప్పావు కదా, ఖలాస్, అయిపోయింది" అన్నారు. ఆయన మనసు నొచ్చుకుంది. మర్నాడు పొద్దున నన్ను పలకరించలేదు. ఆ మరుసటి రోజు పలకరించారు.

ఇల్లు అమ్ముడుపోయింది. చాచా సీబ్ వెళ్లారు. వెళ్లే రోజు పాప చేతిలో ఒక ఖర్జూరాల డబ్బా పెట్టి, నాతో, "కోళ్లను చూడ్డానికి తీసుకురా" అన్నారు.

మా సంగతి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. టీచరే అడిగింది. ముందు కింది అంతస్తు బాగుచేయిస్తారట. దానికి ఏడాది పడుతుంది. అంతదాకా పైన ఎవరైనా ఉంటే మంచిది, ఉంటారా అంది. "ఈ ఇంట్లో ఏం తప్పుందో మీకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు. ఈసారి నిజమే చెప్పాలి" అంది. సిగ్గుతో తల ఊపాను. అలాంటి తప్పు చేసినదానికి ఇంత దక్కుతుందని అనుకోలేదు.

ఇప్పుడు పగలంతా కింద ఉలి చప్పుడు. పనివాళ్లలో ఇద్దరు జగిత్యాల వాళ్లు. సున్నం కలిపేది వాళ్లే. మొదటి రోజు ఒకతను మెట్ల కింది నుంచి, "అక్కా, ఏడో మెట్టు అని రాసిచ్చిండ్రు, కిందికెల్లా, మీదికెల్లా?" అని కేకేశాడు. కింది నుంచి అని చెప్పాను. పాప పడుకున్నాక రేపు వాళ్లకు చూపించాల్సినవి రాసుకుంటున్నాను, మధ్యలో ఇది కూడా రాస్తున్నాను.

వచ్చే వేసవికి మేము వెళ్లాలి. పాప స్కూలుకు దగ్గరగా ఉంటుందని మా ఆయన మొన్న దార్సైట్‌లో ఒక ఫ్లాటు చూసి వచ్చారు.

"ఎలా ఉంది?" అన్నాను.

ఆయన ఆలోచించి, "నలుచదరంగా ఉంది" అన్నారు.

"కిటికీలు?"

"నీ భుజమంత ఎత్తున ఉన్నాయి. పాపకేమీ కనబడదు."

అది మంచిదే. మంచిదేనని ఆయనతో కూడా అన్నాను. ఇంకా మాట మాత్రం ఇవ్వొద్దని, ఈ శుక్రవారం నేనూ వచ్చి ఒకసారి గోడలు తట్టి చూస్తానని చెప్పాను.