కవలలు ఒకే మాట చెప్పాలి

టప్. టప్. టప్. నేను ల్యాబు తలుపు తీయకముందే వినిపించింది, నిద్రపోతున్న వాళ్లను లేపడానికి ఎవరో మొహమాటపడుతున్నట్టు.

లోపల ఒకామె ప్లాస్టిక్ ప్లేటును బోర్లించి, మడతపెట్టిన కాగితాల మీద తడుతోంది. ల్యాబులో అందరూ ఆమెను టపటపక్క అంటారు.

"ఇంట్లో ప్లేట్లు మా ఆయన కడుగుతాడు. నా వాటా ఇక్కడే అయిపోతుందండీ," అని నవ్వింది.

కిట్ పెట్టెలో వచ్చే ఆ ప్లేటు నిండా చిటికెనవేలి గోరంత గుంటలు. కడుపులో బిడ్డ తయారుచేసే ఒక ప్రోటీను తల్లి రక్తంలోకి కొద్దికొద్దిగా చేరుతుంది. గుంటల అడుగున పూసిన మందు దాన్ని పట్టుకుంటుంది. మిగిలినదంతా కడిగేసి, తడి పోయేలా తట్టి, చివరి చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది. రంగు మరీ చిక్కగా ఉంటే, బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోలేదేమోనని డాక్టర్లు ఇంకా పరీక్షలు చేస్తారు. ఇంకా ముఖం చూపించని మనిషి పంపే మొదటి కబురు ఆ రంగు.

ఒక్కో తల్లి రక్తాన్నీ ఆమె రెండేసి గుంటల్లో పోస్తుంది. ఆ జంటను కవలలంటుంది.

బల్ల మీద ఫోన్ మోగింది. ఆమె ఆడపడుచు. గోడకు అవతల, వరండాలో కూర్చునే చేస్తోంది. ఇదివరకు ఒక కడుపు నిలవలేదు ఆ పిల్లకు. ఈసారి రక్తం వదిన చేతిలోనే ఉంది. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. టపటపక్క తడుతూనే తల అటు తిప్పింది.

కాసేపటికి రంగు తేలింది. ఆడపడుచు కవలల్లో ఒకటి నిమ్మతొనలా లేతగా, ఇంకొకటి ముదురు పసుపుగా. మిషను రెండింటి సగటు తీసి, ఫరవాలేదని కాగితం ముద్రించింది. ఆ కాగితం తీసుకుని బయటికి వెళ్తే చాలు. ఆమె ఖాళీ చేతులతో వెళ్లింది.

"మళ్లీ చేయాలమ్మా. కవలలకు మాట కలవలేదు. కడగడంలో నాదే తప్పు."

"లేతగా వచ్చింది ఒకటుందిగా వదినా, దాన్నే నమ్మొచ్చుగా!"

"నచ్చిన మాట చెప్పిందని నమ్మేస్తామా?"

"మా అన్నయ్యను అలాగే నమ్మావుగా."

"అందుకే ఆయన చేత ప్లేట్లు కడిగిస్తున్నా. కూర్చో."

ఆడపడుచు నవ్వబోయి ఏడ్చేసింది. టపటపక్క ఆమె తల నిమిరి లోపలికొచ్చింది. ఫోన్‌ను సొరుగులో పడేసింది. కొత్త ప్లేటు తీసి, ఆడపడుచుది ఒక్కటే కాదు, అందరి రక్తాలూ మళ్లీ పోసింది. కడిగేటప్పుడు గుంట గుంటా నీళ్లతో నిండేదాకా ఆగింది. బుడగ కనిపిస్తే మళ్లీ నింపింది. బోర్లించింది. టప్. టప్. వానచినుకుకు తొందరేముంటుంది? ఆ చేతికీ లేదు.

ఎండ కిటికీ దిగి వెళ్లిపోయేసరికి ఆడపడుచు కవలలిద్దరూ ఒకే లేత రంగులో ఉన్నారు. ఆమె ప్లేటును వెలుతురుకు పట్టి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"రెండూ ముదురుగా వచ్చి ఉంటే?" అని అడిగాను.

"అదీ నేనే వెళ్లి చెప్పేదాన్నండీ. చెప్పి, పక్కనే కూర్చునేదాన్ని. కాస్త జరగండి, ఆ పిల్ల గోళ్లన్నీ కొరికేసుకుని ఉంటుంది అక్కడ."