బేరం లేని అంకె

మిర్యాలగూడలో మాది వడ్ల వ్యాపారం. వేములపల్లి నుంచి లోడు వచ్చిందని తెలిసీ దాన్ని చూడకుండా మావారు ఇంటికొచ్చి పడుకున్నారు. ఏదో తేడా ఉందని అప్పుడే అనుకున్నాను. అన్నం గొంతులో ఆగుతోందన్నారు. కారం మానేస్తే తగ్గుతుందనుకున్నాం. తగ్గలేదు.

సూర్యాపేటలో ఎండోస్కోపీ చేసి బయాప్సీకి పంపారు. అన్నవాహికలో క్యాన్సర్ అని బయాప్సీలో, లివర్‌కి కూడా పాకిందని సీటీ స్కాన్‌లో తేలింది. ఆయనకు మాత్రం అల్సర్ అని చెప్పాం. మా ఇళ్లలో అంతే, రోగం పేరు రోగికి తప్ప ఊరందరికీ తెలుస్తుంది. రెండు కీమోలకే ప్లేట్‌లెట్లు పడిపోయాయి.

"ఇంక కీమో తట్టుకోలేరమ్మా. బాధ లేకుండా చూసుకుందాం. పాలియేటివ్ కేర్ అంటారు" అన్నారు డాక్టరు.

అప్పటినుంచి ఒక నర్సు ఇంటికొచ్చేది, కోదాడ అమ్మాయి. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంతని అడిగితే ఆయన "మూడు" అనేవారు. రాత్రంతా మూలిగిన మనిషి! నాకు ఒళ్లు మండింది.

"ఈయన మూడంటే ఆరనుకో బిడ్డా. వ్యాపారస్తుడు, మొదటి మాటకే అసలు ధర చెప్తరా?" అన్నాను.

"ఇక్కడ బేరం లేదు బాబాయ్ గారూ. మీరు తగ్గించి చెప్తే మందు కూడా తగ్గిపోద్ది" అంది ఆ అమ్మాయి.

ఆయన తల పక్కకు తిప్పుకుని "ఎనిమిది" అన్నారు.

నొప్పి తగ్గించే మార్ఫిన్ డోసు పెంచారు. దానివల్ల వచ్చిన మలబద్ధకంతో కొన్నాళ్లు నానా అవస్థ పడ్డారు, దానికీ మందిచ్చారు. నిద్ర పట్టసాగింది.

కాస్త తేరుకున్నాక నర్సు వేరే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆకలి, నిద్ర, నలుగురితో మాట్లాడటం, చివరికి దేవుడు, మనశ్శాంతి. వీటికీ అంకె చెప్పాలి, పది అంటే అంతా బాగున్నట్టు. నేనే అందుకున్నాను.

"దేవుని సంగతి పదికి పది రాస్కో. శనివారం గుడి తప్పలేదు."

"బాబాయ్ గారే చెప్పాలి పిన్నీ."

ఆయన "ఒకటి" అన్నారు.

"గదేంది, నమ్మకం పోయిందా?" అన్నాను.

"దేవునితోని నాకేం పరేషాన్ లేదు. నేను పోతున్నని నాకు తెల్సు, నీకు తెల్సు. నువ్వేమో తగ్గిపోతదంటవ్, నేను ఊ అంట. ఇగ శాంతి ఏడికెల్లి వస్తది?"

ఏడుపు ఆగలేదు. వంటింట్లోకి పోబోతుంటే "గీడనే కూసో" అన్నారు. ఆ సాయంత్రం మనసులో ఉన్నదంతా చెప్పారు. తలకొరివి మా అమ్మాయే పెట్టాలన్నారు. నన్ను ఒంటరిగా వదిలిపోవాలంటే భయంగా ఉందన్నారు. నాకూ భయమేనని చెప్పాను.

తర్వాతి వారం అదే ప్రశ్నకు "ఏడు" అన్నారు. నేను అనుమానంగా చూస్తే "బేరం కాదే" అని నవ్వారు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. తలకొరివి అమ్మాయే పెట్టింది. కొట్టు ఇద్దరం చూసుకుంటున్నాం. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే, ప్రశ్న ఎవరిని అడిగారో వాళ్లనే జవాబు చెప్పనివ్వండి, మీరు పక్కన కూర్చుని వినండి. మాకు ఆ తర్వాత దొరికింది మూడు వారాలే. పెళ్లయిన నాటి నుంచి మేం మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ మూడు వారాలే.