మైకు లేని మామయ్య

మా మామయ్య కళ్ళు తెరిస్తే నోరూ తెరుచుకుంటుంది. చూసిన ప్రతిదీ పైకి చెప్పాల్సిందే. ముప్పై ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. ఉద్యోగం వదిలినా ప్రకటనలు ఆయన్ని వదల్లేదని సరిపెట్టుకున్నాం. రెండేళ్ళుగా మరీ ముదిరింది.

పరాయి దేశంలో పడవెక్కి పెద్ద నది చూడాలని అత్తయ్యకి పాతికేళ్ళ కోరిక. ఇన్నాళ్ళకి అది తీరే రోజు వచ్చింది. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే నన్ను, అక్కడి భాష చదువుకున్నానని వెంటబెట్టుకెళ్ళారు. అత్తయ్య ముచ్చట మామయ్య మాటల్లో కొట్టుకుపోతుందేమోనని నా బెంగ.

హోటలు గుమ్మంలోనే మొదలు. "ఎదురుగా ఎర్ర ట్రాము! కిటికీ పక్కన ఒకావిడ, ఒళ్ళో కుక్క. కుక్కకి టిక్కెట్టు తీసినట్టు లేదు!"

"అబ్బబ్బ, ఊరంతా వింటోందండీ," అంది అత్తయ్య, ఆయన చెయ్యి పట్టుకుని.

"విననీవోయ్. మనకేం ఖర్చు?"

కూడలిలో రాజుగారి విగ్రహం దగ్గర పావుగంట. "రాజుగారి నెత్తిన పావురం. రాజుగారికి పొట్ట. మోస్తున్న గుర్రం మొహం చూడాలి, అచ్చం సెలవు దొరకని డ్రైవరు!" అత్తయ్య పడీపడీ నవ్వింది. నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను.

మ్యూజియంలో కాపలా మనిషి పెదాల మీద వేలు పెట్టాడు.

"కాపలా ఆయన పెదాల మీద వేలు పెట్టాడు!" మామయ్య అదీ ప్రకటించాడు.

సాయంత్రం పడవెక్కాం. అక్కడి గైడుకి సొంత మైకుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? "మీ పెద్దాయన ఇంకొక్క మాటంటే కింది గదిలో కూర్చోవాలి," అన్నాడు నాతో. మామయ్య చెవిలో వేశాను. ఆయన నోటికి తాళం పడింది. హమ్మయ్య, ఇక అత్తయ్య నదిని తనివితీరా చూసుకుంటుంది అనుకున్నాను.

పడవ రాతి వంతెన కిందికి దూరింది. అందరూ తలలెత్తారు. అత్తయ్య మాత్రం ఖాళీ కుర్చీకేసి చూస్తూ మామయ్య చొక్కా లాగింది.

"ఏమండీ, ఆగిపోయారేం? వంతెన ఇంకా రాలేదా?"

ఆవిడ చూపు కాస్త మందగించిందని తెలుసు గానీ, ఇంతగా అని ఇద్దరూ ఎవరికీ పొక్కనివ్వలేదు.

మామయ్య గైడు వైపు, నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "వచ్చింది. పైన ఒకాయన గొడుగు ఎగిరి నీళ్ళలో పడింది. దూకి తెమ్మంటోంది వాళ్ళావిడ."

తలెత్తి చూశాను. వంతెన మీద పిట్ట కూడా లేదు.

"కోతలు! ఏమే, నిజంగానేనా?" అత్తయ్య నన్నడిగింది.

"నిజమే అత్తయ్యా! పచ్చ గొడుగు! ఆయన ససేమిరా దూకనంటున్నాడు!" పడవంతా మారుమోగింది. ఆ గొంతు నాదేనని తెలియడానికి నాకే కాస్త సమయం పట్టింది.

గైడు మా ముగ్గురికీ కింది గది చూపించాడు. అక్కడ పెద్ద కిటికీ ఉంది, మైకు లేదు. రెండో వంతెన వచ్చేసరికి, పాపం, మామయ్యకి మాట్లాడే సందివ్వలేదు నేను.