సానాయన ఇంట్లో కత్తి

సానాయన ఇంట్లో కత్తికి పదును లేదట, మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవట, ఆ కసితోనే ఆయన ఆవిడ కత్తిని మొద్దుబార్చి పెట్టాడట. ఈ మాట వీధి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ కాస్త ఒళ్ళు చేసింది. మొదట కత్తి తెగదన్నారు, తర్వాత మాటల్లేవన్నారు, చివరికి ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోతానందని కూడా అన్నారు. పుట్టింట్లో ఆవిడకెవరూ మిగల్లేదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. ఇందులో నిజమంటూ ఉంటే కత్తి సంగతే. అదీ సగమే.

వీధిలో కత్తులకు సానపట్టే ఈ సానాయన కొట్టు వీధి మొదట్లో, మెట్ల కింద ఇరుకు గది. కాలితో తొక్కే సాన చక్రం, నీళ్ళ డబ్బా, నూనె మరకల గుడ్డ, గోడకు తగిలించిన ఆకురాళ్ళు. అంతే సామాను. ఎవరు కత్తి ఇచ్చినా ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తాడు. ఆ చూపులో ఆ ఇంటి వంటిల్లంతా కనిపిస్తుందాయనకు. నడుమ అరిగిందంటే ఉల్లిపాయలు ఎక్కువగా తరిగే ఇల్లు. కొన వంగిందంటే ఎవరో దాంతో డబ్బా మూత లేపారు. "ఇది కత్తమ్మా, గునపం కాదు" అని ఒక్క మాట అని, మిగతాది కడుపులో దాచుకుంటాడు. నోటికి తాళం ఉన్న మనిషి కాబట్టే వీధంతా ఆయన చేతిలో కత్తులు పెడుతుంది.

ఆయన భార్య కత్తికి ఆ కాపురమంత వయసుంది. విరిగిన రంపం బద్దను అరగదీసి, చెక్క పిడి బిగించి, కాపురం పెట్టిన కొత్తలో ఆయనే చేసిచ్చాడు. నూరీ నూరీ వెడల్పంతా కరిగిపోయి ఇప్పుడది సన్నటి చేపలా ఉంటుంది. కూతురు కొత్త కత్తులు కొనిచ్చినా ఆవిడ వాటిని డబ్బాలోనే ఉంచేసింది. చేతికి అలవాటైన కత్తీ, చెవికి అలవాటైన గొణుగుడూ మార్చుకోలేమంటుంది ఆవిడ. ఆ గొణుగుడు ఎవరిదో సానాయనకు తెలుసు.

ఆ మధ్య ఆవిడకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. తగ్గింది గానీ కుడిచేతి వేళ్ళ కొసల్లో స్పర్శ తీసుకుపోయింది. నరాలు దెబ్బతిన్నాయి, జాగ్రత్త అన్నాడు డాక్టరు. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతుంటే పట్టు జారి చూపుడువేలు పిడి మీద నుంచి ముందుకు, కత్తి అంచు మీదికి వెళ్ళింది. ఆవిడకు తెలియలేదు. ముక్కలు ఎర్రబడ్డాక చూసుకుంది. పక్క వీధిలో ఉండే కూతురు పరుగున వచ్చి కట్టు కట్టి, కత్తిని తీసి అలమారా మీద పెట్టేసింది. రోజూ తనే కూరలు తరిగి గిన్నెల్లో పంపిస్తానంది.

పంపించింది కూడా. తన వంటింట్లో తానే చుట్టపుచూపుగా వచ్చినట్టు ఆవిడ స్టూలు మీద కూర్చుని ఉండటం సానాయన చూశాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఆయన్ని భయపెట్టింది. చివరికి అలమారా మీది కత్తి దించి, నేను చూసుకుంటానని కూతురికి చెప్పాడు. కూతురు తండ్రి మాట కాదనలేదు గానీ, ఇంకొక్కసారి రక్తం కళ్ళబడిందో అమ్మను మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను, ఆ తర్వాత మీ వంటింటికి తాళమే అంది.

ఎలా చూసుకోవాలో ఆయనకు ఆ కత్తే చెప్పింది. పిడికీ బద్దకూ మధ్య సందులో ఎండిన నెత్తురు మరకలున్నాయి, ఒక దాని మీద ఒకటి. అంటే వేలు తెగడం అదే మొదటిసారి కాదు, ఆవిడ చెప్పలేదంతే. పిడికి గుడ్డ చుడదామంటే కనిపిస్తుంది, కనిపిస్తే ఎందుకని అడుగుతుంది. అందుకని వేలు జారి వచ్చే మేర, పిడి దగ్గర నాలుగంగుళాలు, అంచును ఆకురాయితో గుండ్రం చేసేశాడు. వేలు పడినా తెగదు. అక్కడి నుంచి కొన దాకా మాత్రం వెంట్రుక వేస్తే తెగేలా నూరాడు. అప్పటి నుంచీ పొద్దున్నే ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు కొన భాగానికి పదును పెట్టి, ఏమీ ఎరగనట్టు కత్తిని కూరలు తరిగే పలక మీద పెట్టేస్తాడు. ఆవిడ వంట ఆవిడే చేసుకుంటోంది. ఉప్పు ఎక్కువైతే మళ్ళీ ఆయన్నే తిడుతోంది. ఇల్లు ఇల్లులా ఉంది.

ఇలా ఉండగా పై వాటాలో ఉండే టైలరమ్మకు ఓ పెద్ద గుమ్మడికాయ వచ్చింది. తన కత్తి సానకిచ్చి ఉంది. సానాయన భార్యను పిన్నీ, నీ కత్తి ఇవ్వమని అడిగి తీసుకెళ్ళి, గుమ్మడికాయను ఎవరైనా ఎలా కోస్తారో అలాగే, పిడి దగ్గర భాగం ఆనించి బలమంతా వేసి నొక్కింది. కత్తి కాయలో దిగలేదు, టైలరమ్మ అరచెయ్యి కందింది. పుకారుకు కాళ్ళుండవు గానీ మెట్లు మాత్రం బాగా దిగుతుంది. సాయంత్రానికల్లా కింద వీధిలో ఉంది.

ముందు హోటల్ వంటాయన అందుకున్నాడు. తన పొడుగు కత్తి సానకిస్తూ, "ఏం పెద్దాయనా, ఇంట్లో పదునంతా మాటలకే అయిపోతోందా, కత్తికి మిగలడం లేదట?" అన్నాడు. నిలబడ్డవాళ్ళు నవ్వారు. సానాయన తల వంచి చక్రం ఇంకాస్త గట్టిగా తొక్కాడు. తన పని మీద పడ్డ మచ్చ ఆయనకు గుచ్చుకుంది. గుచ్చుకున్నా నోరు విప్పితే నిజం కూడా అవే మెట్లు దిగి కూతురి చెవిన పడుతుంది. భార్యకు మళ్ళీ స్టూలే మిగులుతుంది. అందుకని భార్యను సాధించే మొగుడన్న పేరే మోశాడు.

ఆ పేరు భార్య దగ్గరకు టైలరమ్మ జాలి రూపంలో వెళ్ళింది. బాబాయి నీతో మాట్లాడకపోతే నేను అడగనా పిన్నీ, అందట. ఆవిడ ముందు నవ్వింది. సంగతంతా విన్నాక నవ్వు ఆపేసింది.

మర్నాడు పొద్దున కొట్టు ముందు హోటల్ వంటాయన కత్తి కోసం నిలబడి ఉన్నాడు. టైలరమ్మ కత్తెర పట్టుకొచ్చింది. పుకారు అందుకున్న కూతురు కూడా వచ్చి, అమ్మతో గొడవేంటి నాన్నా అని నిలదీస్తోంది. అంతలో సానాయన భార్య ఇంటి చెప్పులతోనే వీధిలోకి వచ్చింది. తువ్వాలులో చుట్టిన కత్తిని విప్పి చక్రం పక్కన చెక్క మీద పెట్టింది. జబ్బు చేసినప్పటి నుంచీ కొంగు చాటున దాచుకునే కుడిచెయ్యి, పాత గాట్ల గీతలతో సహా, కత్తి పక్కనే అందరికీ కనపడేలా పరిచింది. కూతురు ఆ వేళ్ళ మీదికి వంగి ఒక్కో గాటూ చూసింది.

"మీరు వీళ్ళెవరికీ చెప్పరు, నాకూ చెప్పరు. నేనే అడుగుతున్నాను" అంది ఆవిడ. "రోజూ నేను స్నానానికి వెళ్ళగానే కత్తి నూరుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. కొనకు అంత పదును పెట్టి, పిడి దగ్గర ఎందుకు పెట్టరు?"

అంటే ఆవిడకు అన్నీ తెలుసు. మొదటి నుంచీ తెలుసు. సానాయన కాలు తొక్కడం ఆపింది. చక్రం దానంతటది కాసేపు తిరిగి ఆగింది. ఆయన కూతురి వైపు చూడలేదు, వంటాయన వైపు చూడలేదు. తువ్వాలు తీసుకుని కత్తిని మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"అక్కడిదాకా నీ వేలొస్తుంది" అన్నాడు.