చిన్న గిన్నెలో వేరే అన్నం

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి చావు, ఇంకొక మనిషి జైలు, రెండూ ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. చదివిన పుస్తకాల గురించి రాశాను, వాన గురించి రాశాను, వదిన విసుగు గురించి కూడా రాశాను. ఇది మాత్రం రాయలేదు. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా నిజం దాచానంటే ఎవరికి భయపడ్డట్టు?

సైన్యం ప్రభుత్వాన్ని లాక్కున్న ఏడాది అది. మనవాళ్లు రంగూన్ అనే యాంగోన్‌లో, పబేడాన్ బజారు పక్కన ఒక పాత మేడలో మా ఇల్లు. అన్నయ్య ఓడ మీద పనికెళ్లి రాలేక చిక్కుకుపోయాడు. ఇంట్లో వదిన, నేను, వాళ్ల పాప. దుకాణాలు మూతపడ్డాయి. ఇంటర్నెట్ లేదు. సాయంత్రమైతే జనం నిరసనగా గిన్నెలు మోగించేవారు, సైనికులు మోత వచ్చిన కిటికీల మీదికి కాల్చేవారు. మా వీధి మొదట్లో ఒక కుర్రాడి తల పగిలితే, ఆ నెత్తురు ఎండి నల్లబడేదాకా కడగడానికి ఎవరూ సాహసించలేదు. పాప తన బొమ్మల్ని వరసగా పడుకోబెట్టి, "ఈలందరూ సచ్చిపోనారు" అని ఆడుకునేది. అది విన్న రోజే, మూడో పుట్టినరోజు చేసి తీరాలని వదిన పట్టుబట్టింది.

మా ఇంట్లో భోజనం పెట్టడమంటే మేడలో ప్రతి గడపకీ పెట్టడం. ఎవరు ఏది తినరో ముందే కనుక్కుని వండటం మా మామ్మ నాటి పద్ధతి. పెద్ద గిన్నెలో కోడిమాంసంతో దాన్‌పౌ, అంటే ఇక్కడి బిర్యానీ. పులిహోర. పాపకి ఇష్టమని సేమియా పాయసం. అన్నీ అనుకున్నాక పై అంతస్తు సంగతి వచ్చింది. అక్కడ డా ఖిన్ అనే పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఆ రోజుల్లో మాత్రం ఒంటరిగా లేదు. నది అవతల ట్వంటే ఊరి నుంచి వచ్చిన ఆమె చెల్లెలి కొడుకు కో మిన్ అక్కడ దాక్కుని ఉన్నాడు. ఊరేగింపుల్లో ముందు నడిచినవాడు. తూటా తగిలిన స్నేహితుడు అతని ఒళ్లోనే పోయాడట. అప్పటి నుంచీ మాంసం మానేశాడు. అతనున్నట్టు మేడలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. అతని కోసం చిన్న గిన్నెలో, కూరగాయలతో వేరే అన్నం వండుదామంది వదిన.

పదిమంది చేరాలంటే వార్డు ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. బర్మా చదువు చదివింది నేనే కాబట్టి వదిన నన్ను పంపింది.

"అక్కడికెల్లి బెల్లం కొట్టిన రాయిలా నిలబడకు పిల్లా. ఏటి వొండుతున్నారు, ఎవుల్ని పిలిసేరు అని అడుగుతారు. నోరిప్పి సెప్పు. మూగిదానిలా తిరిగొచ్చేవంటే నీకు పాయసం ఉండదు."

గుమ్మంలో తుపాకీ పట్టుకుని సైనికుడు. లోపల బల్ల వెనక ఒక నడివయసు స్త్రీ. నన్ను కూర్చోమంది, టీ పోసింది. పాప పేరు అడిగింది. ఏం వండుతున్నారని అడిగింది. వంట గురించైతే నేను మాట్లాడగలను. కొత్తవాళ్లతో అంతసేపు మాట్లాడటం నా జీవితంలో అదే మొదలు. లోపల చిన్న గర్వం కూడా కలిగింది, దాచడమెందుకు.

"మరి మాంసం తిననివాళ్లుంటే?" అందామె.

"వాళ్లకి వేరే గిన్నె పెడతాం."

"మీ మేడలో తిననివాళ్లెవరమ్మా?"

"పై అంతస్తులో."

"డా ఖినా? రోజూ చేపల దగ్గర నాకంటే ముందుంటుంది కదా ఆవిడ." నవ్వింది.

నేనూ నవ్వాను. "ఆవిడకి కాదులెండి," అన్నాను.

ఆమె నవ్వుతూనే ఉంది. కలం మాత్రం ఆగింది. తరవాత ముద్ర వేసి కాగితం నా చేతికిచ్చింది. వీధిలోకి వచ్చేసరికే నేనేం చేశానో నాకు తెలిసిపోయింది.

ఇంతవరకూ పొరపాటు అనుకోవచ్చు. కానీ వాళ్లు వచ్చింది మర్నాడు మధ్యాహ్నం. ఒక సాయంత్రం, ఒక ఉదయం నా చేతిలో ఉన్నాయి. పైకెళ్లి తలుపు తట్టి, వెళ్లిపో అంటే చాలు, నది దాటి అవతలి ఒడ్డున దలా చేరేవాడు. ఎందుకు తట్టలేదు? ఎలా తెలిసిందని అడుగుతారు కదా. నోరిప్పమంటే ఇదా నువ్విప్పింది అని వదిన అంటుంది కదా. డా ఖిన్ నా ముఖంలోకి చూస్తుంది కదా. ఆ చూపు తప్పించుకోవడానికి నేనొక మనిషిని ఇచ్చేశాను. ఏమీ జరగదులే అనుకుంటూ చింతపండు నానబెట్టాను. జీడిపప్పు వేయించాను.

విస్తళ్లు వేస్తుండగా బూట్ల చప్పుడు. పైన తలుపు విరిగింది. కో మిన్‌ని జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి, సరిగ్గా మా గుమ్మం ముందు తుపాకీ మడమలతో కొట్టారు. పన్ను ఒకటి ఎగిరి మా ఇంట్లో పడింది. అడ్డం పడ్డ డా ఖిన్‌ని గోడకేసి విసిరితే ఆమె మణికట్టు పుటుక్కున విరగడం నాకు వినబడింది. ఒక సైనికుడు మా పొయ్యి మీది పాయసం గిన్నె ఎత్తి, పొగలు కక్కుతున్నది కో మిన్ వీపు మీద కుమ్మరించాడు. అతని కేక మనిషి గొంతులా లేదు. "సచ్చిపోనాడా?" అని పాప మామూలుగా అడిగింది.

ఆ సాయంత్రం మేడంతా ఒకటే మాట. ఎవడో దలాన్ ఉన్నాడు. అంటే సైన్యానికి కబురందించేవాడు. కింద ఊ తిన్ అనే అతని కిళ్లీ కొట్టు ఉండేది. సైనికులకి నవ్వుతూ కిళ్లీలు ఇవ్వడం అందరూ చూశారు. భయంతో నవ్వేవాడని ఎవరూ అనుకోలేదు. మేడలోవాళ్లే అతన్ని వీధిలోకి లాగి ఇనప చువ్వలతో కొట్టారు. ఒకడు కత్తి తెచ్చాడు. ఊ తిన్ మా బాల్కనీల వైపు తలెత్తి, "నేను కాదు. ఎవరైనా చెప్పండి, నేను కాదు," అన్నాడు. ఒక్కొక్క బాల్కనీ చూశాడు. నన్నూ చూశాడు.

"సావనీ," అంది వదిన నా పక్కన. "పక్కనే ఉండి పీక కోసీసేడు."

నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. చంపేస్తున్నారని తెలుసు. అతను కాదని తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. గొంతు రాలేదు అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గొంతు ఉంది. దాన్ని నొక్కి పట్టుకున్నాను. కత్తి దిగుతున్నంతసేపూ పట్టుకునే ఉన్నాను.

అతని భార్య పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్లిపోయింది. దలాన్ పెళ్లాం అని ఆమె మీద ఉమ్మారు. కో మిన్ ఇంకా జైల్లోనే ఉన్నాడు. డా ఖిన్ చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తోనే అప్పుడప్పుడు మాకు మామిడిపళ్లు పంపుతుంది, మీ ఇంటి పిల్ల ఎంత నెమ్మదో అని నన్ను మెచ్చుకుంటుంది. నేను తల వంచుకుంటాను. సిగ్గు అనుకుంటుంది.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీరెవరు? ఆ హక్కు ఉన్నవాళ్లలో ఒకరు లేరు, ఒకరు చీకట్లో ఉన్నారు, ఒకావిడ ఎక్కడుందో తెలియదు. మేడ మీద ఉన్నావిడకి చెబుతానో లేదో, నన్ను నేను ఎరుగుదును కాబట్టి మాటివ్వను. రాయాల్సిన వాక్యం ఒకటే ఉంది. ఇన్నేళ్లూ దాని చుట్టూ తిరిగాను.

కో మిన్‌ని పట్టించింది ఊ తిన్ కాదు. నేను.

రాశాను. ఊపిరి ఆడుతోంది.