మా మేనత్త ఒప్పుకున్న మాత్ర

నా చిన్నప్పుడు, ఇంకా ఎనిమిదేళ్లు నిండని రోజుల్లో, ఎమ్మిగనూరులోని మా ఇంటి మగ్గం నా వల్ల ఆగిపోయింది. గొంతునొప్పి, జ్వరం వచ్చి పూర్తిగా తగ్గకముందే అరచేతుల మీద, కాళ్ల మీద ఎర్రటి చక్రాలు లేచాయి. ఒక్కో చక్రం లోపల పాలిపోయిన వలయం, నడిమధ్య నల్లటి చుక్క. నాన్నను కన్న మా అవ్వ చూసి, అమ్మవారు పోసిందని తేల్చేసింది. ఆమె తేల్చాక నోరెత్తే మొనగాడు మా ఇంట్లో లేడు.

గుమ్మానికి వేపమండలు కట్టారు. తాలింపులు మానేశారు. మందు అన్న మాటే ఎత్తకూడదు, అమ్మవారికి కోపం వస్తుంది. మాతోనే ఉండే మా మేనత్త మాత్రం, జ్వరం వచ్చిన రోజే బజారులో తెచ్చి మొదలుపెట్టిన సల్ఫా మాత్రలను ఆపకుండా, బెల్లంలో దాచి, రోజూ పొద్దున్నే నా నోట్లో పెట్టేది. నేను చచ్చిపోతానని ఆమె భయం. చక్రాలు పెరిగాయే గాని తగ్గలేదు. పెదాలు పగిలి పుండ్లయ్యాయి. గుక్కెడు నీళ్లు మింగలేక ఏడ్చేదాన్ని.

చక్రాలు లేచిన నాలుగో రోజు నాన్న ఇక తట్టుకోలేక బండి కట్టాడు. అమ్మతో పాటు అవ్వా, అత్తా కూడా ఎక్కారు. ఆదోని ఆసుపత్రిలో కాంపౌండరు పెద్ద పుస్తకం తెరిచాడు. అందులో ఒక్కో జబ్బుకు ఒక్కో నంబరు. మశూచి నంబరు వేస్తే పిల్లను ఊరవతల షెడ్డులో పెడతారు, తల్లిని కూడా రానివ్వరు. అతను కలం సిరాలో ముంచుతుంటే అమ్మ అతని కాళ్లు పట్టుకుంది.

డాక్టరు నా అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. మశూచి ఇట్లా ఉండదే అని గొణుక్కుని, పిల్ల ఏమైనా మందు తిన్నదా అని అడిగాడు.

"అమ్మోరు పోస్తే యాడన్నా మందిస్తారా సామీ?" అంది అవ్వ.

అప్పుడు మా అత్త కొంగుముడి విప్పి మాత్రల పొట్లం బల్ల మీద పెట్టింది.

"నేనే ఇచ్చినా సామీ. బతుకుతాదని ఇచ్చినా. ఈ పొద్దు కూడా పెట్టినా."

ఆ మాత్రే ఈ పిల్లకు పడలేదని, ఇక జన్మలో ఇవ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పుస్తకంలో మశూచి నంబరు కాకుండా, మందు పడక లేచే దద్దుర్ల నంబరు వేయించాడు. ఆ పూట అమ్మను నా పక్కనే పడుకోనిచ్చారు.

రెండు వారాలకు చక్రాలు మాసిపోయాయి. మా అవ్వ మాత్రం ఏడాది పాటు అత్త చేతి నీళ్లు ముట్టలేదు. ఆ రోజు అత్త నోరు విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నేను పోయేదాన్ని, ఆమె అందరికీ మంచిదిగానే మిగిలేది.

ఇప్పటికీ ఏ డాక్టరు ముందు కూర్చున్నా, నా జబ్బు కంటే ముందు ఆ మాత్ర పేరు చెబుతాను. అది చెప్పడానికి నాకేమీ కష్టం లేదు. ఆ కష్టమంతా మా అత్తే పడింది.