మిరప టిక్కీల మధ్య కొండ కాఫీ

మా ఊరి పిల్లి ఒకటి మిరపకాయ కొరికి, అద్దంకి నుంచి పొదిలి దాకా ఆగకుండా పరుగెత్తిందని నేను చాలా ఏళ్ళు చెప్పాను. విన్నవాళ్ళలో ఇద్దరు ఆ పిల్లిని దారిలో చూశామని కూడా అన్నారు. గుంటూరు మిర్చి యార్డులో దళారీగా తిరిగేవాడికి నోరే పెట్టుబడి. నా కథల వల్ల ఎవరికీ ఏమీ పోలేదనే అనుకుంటూ వచ్చాను. ఇది మాత్రం ఒకరికి పోయిన కథ. యార్డులో దీన్ని నవ్వు పుట్టేలా చెప్పాను కాబట్టి, ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఏటా మాఘం వెళ్ళాక మిరియాల కోసం మన్యం వెళ్తాను. పాడేరు దాటి, జీపు కూడా ఆగిపోయే చోటి నుంచి గంట నడిస్తే ఒకామె తోట వస్తుంది. భర్త లేడు. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగ, వాటి నీడన కాఫీ మొక్కలు. అంత ఎత్తున చలికి పండు నిదానంగా పండుతుందని, నిదానంగా పండిన పండులోనే గింజకు తీపి పడుతుందని ఆమే నాకు చెప్పింది. ఆ ఏడు ఆమె అందరిలా చెట్టు దులపలేదు. ఎర్రగా మాగిన పళ్ళనే ఒక్కొక్కటీ కోసి, మంచెల మీద వలలు పరిచి, తొక్కతోనే ఆరబెట్టింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేత్తో తిరగేస్తూనే ఉండేదట. చుట్టుపక్కల వాళ్ళు పిచ్చి పట్టిందన్నారట.

"మంచిదని ఎవరైనా తెలిసినవాళ్ళు ఒక్కమాట అంటే చాలన్నా. వచ్చే ఏడు తోటంతా ఇలాగే కోస్తాను" అంది.

నా నోరు ఊరుకుంటుందా? బెంగళూరులో కాఫీ రుచి చూసి నాణ్యం తేల్చే పెద్దాయన నాకు ప్రాణస్నేహితుడని, నా మాట జవదాటడని చెప్పాను. నిజానికి ఆయన్ని ఒక్కసారి రైల్లో చూశాను. మా ఇంటి గోంగూర పచ్చడి పెడితే మొహమాటానికి తిని, కార్డు ఇచ్చాడు. అంతే. ఆమె మాత్రం నమ్మింది. తొక్క తీసిన గింజలు ఒక కిలో గుడ్డసంచిలో పోసి, మూతి కుట్టి ఇచ్చింది. అందులోంచి ఒక్క గింజ కూడా తను కాచుకు తాగలేదు.

నేను దిగి వచ్చేసరికి యార్డు కొత్త మిరపకాయతో నిండిపోయి ఉంది. బెంగళూరు ప్రయాణం ఈ వారం, వచ్చే వారం అంటూ ఎండలు ముదిరాయి. ఇంట్లో రేకుల కప్పు కింద బెల్లం కూడా కరిగి కారుతోంది. గింజ పాడైపోతుందని భయం వేసింది. గుంటూరు వాడికి ఏదైనా చెడిపోతుందని భయం వేస్తే ఒకటే ఆలోచన వస్తుంది: కోల్డ్ స్టోరేజీ. మేం ఏసీ అంటాం. ఏడాది పెట్టినా కాయ రంగు పోదు. చింతపండు కూడా అందులోనే దాచే ఊరు మాది.

అక్కడి గుమాస్తా నా చిన్ననాటి స్నేహితుడు, సాయిబుల కుర్రాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది కానీ నాకింకా కుర్రాడే. సంచి పైకెత్తి వాసన చూశాడు.

"ఏరా, ఇది కాయల మధ్య పెట్టే సరుకేనా? ఎవర్నన్నా అడిగావా?"

"ఏసీలో చెడిపోయిందాన్ని ఎప్పుడన్నా చూశావా నువ్వు?" అన్నాను.

వాడు సంచి తిరిగి నా చేతిలో పెట్టి, లోపలికి దారి వదిలాడు. టిక్కీల వరుసల మధ్య సంచిని దూర్చి వచ్చాను. టిక్కీ అంటే నలభై కిలోల పైచిలుకు ఎండుమిరప తొక్కి కుట్టిన గోనెబస్తా. అలాంటివి వేలల్లో ఉంటాయి లోపల. తలుపు తీస్తే చాలు, కొత్తవాడు తుమ్ముతూ బయటికి పరుగెత్తుతాడు. నాకు ఆ ఘాటు తెలియదు. పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్న ముక్కు నాది.

తొలకరి పడ్డాక బెంగళూరు వెళ్ళాను. పెద్దాయన నన్ను గుర్తుపట్టలేదు కానీ కూర్చోబెట్టాడు. గింజలు వేయించి, పొడి కొట్టి, వరుసగా గిన్నెల్లో వేడినీళ్ళు పోసి, చెంచాతో జుర్రుమని పీల్చాడు. మొహంలో ఏమీ కనిపించలేదు. రెండో గిన్నె దగ్గర కాస్త దగ్గాడు.

"గింజ చూడ్డానికి బాగుందండి. లోపల మిరపకాయ, గోనె, చెమ్మ తప్ప ఇంకేమీ లేదు. కాఫీగింజ పక్కనున్న వాసనంతా తాగేస్తుంది. దీన్ని ఎక్కడ ఉంచారు?"

"ఏసీలో అండి, నా తెలివితక్కువతనం అండి" అని ఉంటే ఆయన నవ్వేసి ఇంకో కిలో తెమ్మనేవాడేమో. అంత చిన్న మాట నోట్లోంచి రాలేదు.

"మాకు అలాగే ఇచ్చారండి. వాళ్ళు ఆరబెట్టే చోట ఏముంటుందో మనకేం తెలుస్తుంది" అన్నాను.

ఆయన పుస్తకంలో ఆమె ఊరిపేరు రాసి, పక్కన ఏదో రాసి, కింద గీత గీశాడు.

సంత రోజున ఆమె ఫోన్ చేసింది. ఆరబెట్టడంలో తేడా వచ్చిందన్నారని చెప్పాను. మిరియాలు పక్కనే ఆరేశానని, అందుకే ఘాటు పట్టిందేమోనని తనే కారణం వెతుక్కుంది. అయి ఉండొచ్చు అన్నాను. ఆ సాయంత్రమే యార్డు కాఫీ బండి దగ్గర, మా ఏసీలో పెట్టిన కాఫీ ఒక్క చెంచా తాగి బెంగళూరు పెద్దాయన బకెట్టెడు నీళ్ళు తాగాడని చెప్పాను. అందరూ విరగబడి నవ్వారు. గుమాస్తా ఒక్కడే నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఏడు మిరియాలకు వెళ్తే మంచెలు లేవు. ఆ గుంజలు పీకి కోళ్ళగూటికి దడి కట్టింది. పచ్చీ ఎర్రా కలిపి దులిపేసి, సంతలో మొదట అడిగినవాడికే పోసేసిందట. నాకు గ్లాసుడు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ స్నేహితుడి దగ్గర నీ మాట పోగొట్టానన్నా. ఏమనుకోకు" అంది.

తిట్టి ఉంటే ఏదో ఒకటి అల్లి చెప్పేవాణ్ణి. ఆమె నన్నే క్షమించమంటోంది. ఏసీ సంగతి, టిక్కీల సంగతి, పెద్దాయన అడిగినప్పుడు నేనన్న మాట, బండి దగ్గర నవ్వించిన సంగతి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ గ్లాసులోకే చూశాను.

ఆమె ఒక్కటే అడిగింది. "అయితే నా గింజ మంచిదేనా?"

"తెలియదు చెల్లెమ్మా. నేను ఎవరికీ తెలియనివ్వలేదు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. మిరియాలు తూచే కాటా తెస్తుందనుకున్నాను. ఫోన్ తెచ్చింది. నా వెంట రమ్మని, తోట పైన సిగ్నల్ అందే బండ దాకా నడిపించింది. పెద్దాయన నంబరు ఉందా అని అడిగితే కార్డు తీసి ఇచ్చాను. నా నోటిని నమ్మకుండా, ఒక్కో అంకె కార్డులో చూసుకుంటూ తనే నొక్కింది. అవతల మోగడం వినిపించాక నా చేతిలో పెట్టింది.

"ఏసీ సంగతి ఆయనకి నువ్వే చెప్పు. నేను వింటాను."

ఆయన ఎత్తి, ఎవరండీ అన్నాడు. రైలు, గోంగూర పచ్చడి నాలిక చివరి దాకా వచ్చాయి. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"పోయిన ఏడు మీకు కాఫీ గింజలు తెచ్చినవాణ్ణండి" అన్నాను. "వాటిని పాడుచేసింది నేనండి."